జేబున్న బొంత

వానలు మొదలుగాక ముందే పట్టాలె బొంత,
అంటది రాజుబాయి అత్త.
ప్రాణహిత నిండితే అంకీసల నేలంతా చెమ్మ,
పరిచిన గుడ్డ పరిచినట్టే బూజు పడతది.

తునికాకు కళ్ళం పైసలు ముట్టిన తెల్లారి
సందుగ తెరిచిన.
అత్త చీరెలు రెండు, అంచులు గట్టివి, నడుమంతా జల్లెడ.
బానయ్య లుంగీ, బీడీ రవ్వ తిన్న బొక్కలతోని.
అనికేత్ గాని బడి నిక్కరు,
కూసునే కాడ మూడో తరగతంతా అరిగిపోయింది.
పోయిన ఎలక్షన్ల జెండాలు రెండు రంగులయి,
ఓడినోళ్ళదే జర మెత్తగున్నది.
దవాఖానోళ్ళిచ్చిన దోమతెర,
దోమల కన్న చేపల్నే ఎక్కువ ఆపింది.
అన్నిటి కింద
మామ అంగీ.

బూడిద నీళ్ళల్ల ఉడకబెట్టి
ఏటి బండ మీద ఉతికిన.
పైన కొత్త బ్రిడ్జి, లారీ పోతే
నీళ్ళల్ల దాని నీడ వణుకుతది.
ఆ నీడ పడే కాడనే
మామ ముప్పై ఏండ్లు పడవ గడిపిండు.
ఈ ఒడ్డుకు ఒక భాష, ఆ ఒడ్డుకు ఒక భాష,
కిరాయి మాత్రం ఒక్కటే.

చింపేటప్పుడు అత్త అన్నది:
కత్తెర వద్దు, పంటితో మొదలుపెట్టు.
గుడ్డకు దాని తొవ్వ ఎరుకే,
నువ్వు నడుమల రాకు.
నిజమే, సర్రున పోయింది చీరె,
సర్రున పోయింది లుంగీ.
మామ అంగీ ఒక్కటి
జేబు కాడ ఆగింది.

లోపల వేలు పెడితే పొగాకు నుసి.
ఎన్నిసార్లు ఉతికినా పోని వాసన.

కోసెయ్యి దాన్ని, అన్నది అత్త,
బొంతకు జేబేంది?
నిద్రల ఎవనికి చిల్లరియ్యాలె?
ఊ అన్న.
కొయ్యలే.

అర్రల చీరె పరిచి గుంజి
మూడు మూలలకు మూడు ఇటుకలు పెట్టిన,
నాలుగో మూలకు అనికేత్ గాన్ని.
ఇటుకలే నయం.
చీరె మీద దోమతెర, దాని మీద లుంగీ,
దాని మీద ముక్కలు, ముక్కల మీద ముక్కలు.
రేషన్ బియ్యం సంచుల మూతి విప్పిన దారం,
దానికి తేనెమైనం రాసి
అంచు నుంచి లోపలికి, చుట్టు తిరిగి చుట్టు,
కుట్టు వడ్లగింజ కన్న పొడుగు కావద్దు.

బడి మాస్తరీన్ బాయి గడపల నిలబడి
గోధడీ ఛాన్ ఆహే అన్నది.
బొంత, అన్న నేను.
సూదికి రెండూ ఒకటే మందం.

పదకొండు రోజులు.
ఈడ వరుస వంకరపోయింది, కరెంటు పోయిన రాత్రి.
ఈడ కుట్లు మీద మీద పడ్డయి,
బానయ్యతో మాట్లాడని రోజు.
ఈ ఓడిన జెండా ముక్క కింద
నా వేలి నెత్తురు బొట్టొకటి ఉన్నది,
ఎవరికీ కనపడదు.

ఆఖరి మూల మూసేముందు
అత్త కొంగు ముడి విప్పి
నాలుగు వడ్లగింజలు లోపల వేసింది.
ఆకలిగొన్న బొంత వెచ్చగుండదు,
అంటది.
నడిమిట్ల, నిక్కరు నీలికీ చీరె ఎరుపుకూ మధ్య
జేబు అట్లనే ఉన్నది, మూతి తెరుచుకొని.
అత్త చూసింది. ఏమనలే.
నీకు చెప్తే గోడకు చెప్పినట్టే అన్న మొఖం.

మొదటి వాన ఆ రాత్రే కొట్టింది.
రేకుల మీద మోతకు
ముగ్గురం ఒక్క బొంత కిందికి జరిగినం,
అత్త, నేను, నడుమ పిలగాడు.
చీకట్ల ఎవరిదో చెయ్యి
కుట్ల మీద మెల్లగ తడుముకుంట పోయింది.

తెల్లారి దులుపుతుంటే ఏదో గలగలమన్నది.
జేబుల రెండు చింతగింజలు, అనికేత్ గానియి.
వాటి కింద
అత్త తంబాకు డబ్బి.

అత్త పొయ్యి దిక్కు తిరిగి
లేని మంటను ఊదుతున్నది.
నేనేం అడగలే.
జేబు పైకి వచ్చేటట్టు
బొంత మడిచి పెట్టిన.